ఉల్లిపాయ కోస్తే కళ్ళెంబడి నీళ్ళెందుకు, రోజూ కేజీలకి కేజీలు కోసేవాళ్ళ కళ్ళకి ఏమన్నా అవుతుందా

చెల్లెమ్మా, ముందు నీకు కావాల్సిన ఒక్క ముక్క చెప్పేస్తాను, మిగతాది నిదానంగా చదువుకో. మీ అమ్మగారి కళ్ళు ఉల్లిపాయల వల్ల పోవు. నాలుగేళ్ళుగా కర్రీ పాయింట్ నడుపుతూ రోజూ 15 కేజీలు కోస్తున్నారు, సాయంత్రానికి కళ్ళు ఎర్రబడతాయి, ఇంటికొచ్చిన చుట్టాలెవరో "ఉల్లిలో యాసిడ్ ఉంటుంది, కళ్ళు దెబ్బతింటాయి" అన్నారు, అప్పట్నుంచి నీకు నిద్ర పట్టట్లేదు అన్నావు కదా, ఆ మాట మనసులోంచి తీసెయ్. వెల్లుల్లి వలిచినప్పుడు రాని నీళ్ళు ఉల్లికే ఎందుకొస్తాయి, ఫ్రిజ్ చిట్కా, బ్రెడ్డు ముక్క చిట్కా నిజమేనా అని కూడా అడిగావు, అన్నీ చెప్తాను.

నా సంగతి రెండు ముక్కల్లో. మాది కర్నూలు జిల్లా, ఇంట్లో ఉల్లి పంట ఉండేది, మా వైపు ఎర్రగడ్డ అంటాం. కెమిస్ట్రీ చదువుకుని గుజరాత్‌లో భావనగర్ జిల్లా మహువాలో ఉల్లిపాయలు ఎండబెట్టి పొడి చేసే ఫ్యాక్టరీ ల్యాబ్‌లో 19 ఏళ్ళు పనిచేశాను. మహువా తెల్ల ఉల్లికి పెద్ద పేరు, ఎండబెట్టే యూనిట్లు అక్కడ బోలెడున్నాయి. సీజన్లో లారీలకి లారీలు దిగుతాయి, ఆడవాళ్ళు వరసగా కూర్చుని తల, మొదలు కోసి పొట్టు తీస్తుంటారు, నేను ఆ షెడ్డు దాటుకుని ల్యాబ్‌కి వెళ్ళాలి. మొదటి వారం గుమ్మం దాటేలోపే ముఖమంతా తడిసిపోయేది. అందుకే ఈ విషయం నాకు పుస్తకంలో చదివినట్టు కాదు, ఒంటికి తెలిసినట్టు తెలుసు.

అందరూ పొరబడేది ఒక్కచోట. ఉల్లిపాయలో ఆ ఘాటు ముందే ఉంటుంది, కోయగానే బయటికొస్తుంది అనుకుంటారు. లేదు. కోయని ఉల్లిపాయలో కళ్ళు మండించే గ్యాస్ ఒక్క రవ్వ కూడా ఉండదు. బుట్ట నిండా ఉల్లిపాయలు పక్కన పెట్టుకుని పడుకున్నా నీ కంట్లో చుక్క రాదు కదా. ఆ గ్యాస్ నువ్వు కత్తి పెట్టిన క్షణంలో పుడుతుంది. తాంబూలం ఉందనుకో, ఆకు విడిగా ఆకుపచ్చ, సున్నం తెలుపు, వక్క గోధుమ రంగు, మూడూ పళ్ళెంలో పక్కపక్కనే ఎంతసేపున్నా ఎరుపు రాదు, నోట్లో వేసుకుని నమిలితేనే నాలుక పండుతుంది. ఉల్లిది కూడా అదే పద్ధతి, సరుకులన్నీ లోపలే ఉన్నాయి కానీ ఒకదానికొకటి తగలకుండా విడివిడి గదుల్లో ఉన్నాయి.

ఆ గదులేంటో చెప్తాను. ఉల్లిపాయ పొర ఒక్కొక్కటీ లక్షల కణాలతో కట్టిన గోడ. ఒక్కో కణం లోపల మధ్యలో నీళ్ళ సంచిలాంటిది ఉంటుంది, వాక్యుయోల్ అంటారు, అందులో అల్లినేజ్ అనే ఎంజైమ్, అంటే రసాయన మార్పుని చకచకా జరిపించే పదార్థం, దాక్కుని ఉంటుంది. ఆ సంచి బయట, కణంలో మిగతా చోట, గంధకం ఉన్న ఒక అమైనో ఆమ్లం ఉంటుంది, దాని పేరు ఐసోఅల్లిన్, దానికి వాసనా లేదు, ఘాటూ లేదు. కత్తి దిగ్గానే సంచి చిట్లి రెండూ కలిసిపోతాయి. అల్లినేజ్ వెళ్ళి ఐసోఅల్లిన్‌ని ముక్కలు చేస్తే పైరువిక్ యాసిడ్, అమ్మోనియా, ఇంకొకటి సల్ఫెనిక్ యాసిడ్ అనే నిలకడ లేని పదార్థం, ఈ మూడూ వస్తాయి. ఆ మూడోది క్షణం కూడా ఆగదు, దాన్ని ఇంకో ఎంజైమ్ పట్టుకుని ఆకారం మార్చి గ్యాస్‌గా వదిలేస్తుంది. ఆ గ్యాస్ అసలు పేరు సిన్-ప్రొపేన్‌థయాల్-ఎస్-ఆక్సైడ్, పేరు చూసి భయపడకు, మూడు కార్బన్లు, ఆరు హైడ్రోజన్లు, ఒక ఆక్సిజన్, ఒక గంధకం, అంతే, చాలా చిన్న అణువు, చిన్నది కాబట్టే తేలిగ్గా ఆవిరై గాల్లో లేచి మీ అమ్మగారి ముఖం దాకా వస్తుంది. కోసిన అర నిమిషానికే అది బాగా పుట్టేస్తుంది, అందుకే మొదటి ఉల్లిపాయ సగం కోసేదాకా ఏమీ అనిపించదు, తర్వాత ఒక్కసారిగా కమ్మేస్తుంది.

ఉల్లి ఇదంతా ఎందుకు చేస్తుందంటే తనని తాను కాపాడుకోవడానికే. నేలలో ఉండే గడ్డ, లోపలంతా తియ్యటి పిండివంటలాంటి సరుకు, పురుగులు, ఎలుకలు, బూజు అన్నిటికీ అది విందే. కొరికినవాడికి మాత్రమే తగిలేలా మందు తయారు చేసుకుంది, కొరకనంతవరకూ మందు ఖర్చు కాదు. నాకైతే ఇన్నేళ్ళ తర్వాత కూడా ఆ ఏర్పాటు తలుచుకుంటే ఆశ్చర్యంగానే ఉంటుంది.

ఇప్పుడు వెల్లుల్లి సంగతి. మంచి ప్రశ్న అది, ఎందుకంటే సైంటిస్టులకి అసలు రహస్యం దొరికింది వెల్లుల్లి దగ్గరే. ఉల్లిలో గంధకం ఉన్న ఆ మూల పదార్థాన్ని, అంటే ఇందాకటి ఐసోఅల్లిన్‌ని, 1960ల్లో ఫిన్లాండ్ కెమిస్ట్ ఆర్తురి విర్టనెన్ వాళ్ళ బృందం బయటపెట్టింది, ఆయనకి అప్పటికే 1945లో వేరే పనికి నోబెల్ వచ్చింది. అక్కడి నుంచి చాలా ఏళ్ళపాటు అందరూ ఏమనుకున్నారంటే, అల్లినేజ్ ఒక్కటే ఎంజైమ్, అది ముక్కలు చేశాక మిగతాది దానంతట అదే గ్యాస్‌గా మారిపోతుంది అని. పుస్తకాల్లో కూడా అలాగే రాశారు.

జపాన్‌లో హౌస్ ఫుడ్స్ అని కర్రీ ప్యాకెట్లు చేసే పెద్ద కంపెనీ ఉంది. వాళ్ళకి ఉల్లి, వెల్లుల్లి కలిపి వండితే ఒక్కోసారి పచ్చరంగు తిరుగుతోంది. ఇది మన ఇళ్ళల్లో తెలిసిన గొడవే, అల్లం వెల్లుల్లి పేస్ట్ చేసి పెడితే రెండు రోజులకి ఆకుపచ్చగా తిరిగి, పాడైపోయిందేమో అని పారబోస్తుంటారు, నిజానికి అది కూడా ఈ గంధకం పదార్థాల పనే, వాసన బాగుంటే వాడుకోవచ్చు. ఆ రంగు సంగతి తేల్చే పనిలో షిన్సుకే ఇమాయి వాళ్ళు ఉల్లి మూల పదార్థానికి వెల్లుల్లి నుంచి తీసిన అల్లినేజ్ కలిపి చూశారు. పాత లెక్క ప్రకారం కళ్ళు మండాలి. మండలేదు. అంటే ఉల్లిలో ఉండి వెల్లుల్లి సరుకులో లేని ఇంకో ఎంజైమ్ ఏదో ఉంది అన్నమాట. దాన్ని వెతికి పట్టుకుని 2002లో నేచర్ అనే సైన్స్ పత్రికలో వేశారు, ఇందాక నేను ఆకారం మార్చి గ్యాస్ వదిలేది అన్నానే, అదే ఆ రెండో ఎంజైమ్. 2013లో వాళ్ళకి ఇగ్ నోబెల్ ఇచ్చారు, అది నవ్వించి ఆలోచింపజేసే పరిశోధనలకి ఇచ్చే బహుమతి, కానీ పని మాత్రం నిఖార్సైన పని.

వెల్లుల్లిలో ఉండేది ఐసోఅల్లిన్ చుట్టమే, అల్లిన్ అంటారు, అక్కడ కూడా అల్లినేజ్ ఉంది, దంచితే రెండూ కలుస్తాయి, కానీ అక్కడ పుట్టేది అల్లిసిన్. అది ముక్కుకి ఘాటు, నాలుకకి చురుకు, కళ్ళ జోలికి మాత్రం రాదు. అందుకే మీ అమ్మగారు అరకేజీ వెల్లుల్లి వలిచినా వేళ్ళు మండుతాయి కానీ కళ్ళు తడవవు.

ఇక కంటి సంగతి, నీ భయమంతా ఇక్కడే ఉంది కాబట్టి కొంచెం ఎక్కువే చెప్తాను. మన కంటి మీద నల్లగుడ్డుని కప్పి అద్దంలాంటి పొర ఉంటుంది, కార్నియా. ఒంట్లో దానికి మించి నరాల కొసలున్న చోటు ఇంకొకటి చెప్పడం కష్టం, చిన్న నలుసు పడినా విలవిల్లాడేది అందుకే. ఆ నరాల కొసల మీద టీఆర్‌పీఏ1 అని ఒక తలుపులాంటిది ఉంటుంది, మంట పుట్టించే కొన్ని రసాయనాలు తగిలితే అది తెరుచుకుంటుంది, తెరుచుకోగానే నరం మెదడుకి కబురు పంపిస్తుంది, మెదడు కంటి పైన ఓరగా ఉన్న కన్నీటి గ్రంథికి "నీళ్ళు పొయ్యి" అని చెప్తుంది. అదంతా క్షణంలో అయిపోతుంది, నీ ఇష్టంతో పనిలేదు, వేడి గిన్నె తగిలితే చెయ్యి వెనక్కి లాక్కున్నట్టే.

ఆ తలుపు ఉల్లి కోసమే ఉన్నది కాదు. ఆవాలు నీళ్ళు పోసి రుబ్బితే ముక్కులోంచి నషాళానికి అంటుతుంది చూడు, అది కూడా ఈ తలుపే. ఇంకో వింత చెప్తాను, ఆవాలది కూడా విడి గదుల వ్యవహారమే, పొడి ఆవగింజ వాసన చూస్తే ఏముంటుంది, నలిగి తడి తగిలితేనే ఎంజైమ్ పనిచేసి ఘాటు పుడుతుంది, ఆవ పెట్టిన కూరలో ఆవాలు అప్పటికప్పుడు నూరమనేది అందుకే. పోలీసులు వదిలే టియర్ గ్యాస్ తట్టేది కూడా ఇదే తలుపు. మిరపకాయ మాత్రం వేరే తలుపు, టీఆర్‌పీవీ1, దాన్ని కనిపెట్టిన డేవిడ్ జూలియస్‌కి 2021లో నోబెల్ వచ్చింది. మిరపలో ఉండే కాప్సైసిన్ గాల్లోకి తేలిగ్గా లేవదు, అందుకే పచ్చిమిర్చి ఎన్ని తరిగినా కళ్ళు తడవవు, ఆ చేత్తో కన్ను నలిపితేనే నరకం కనిపిస్తుంది.

యాసిడ్ మాట ఎక్కడి నుంచి వచ్చిందంటే, ఆ గ్యాస్ కంటి తడిలో కరిగితే గంధకామ్లం అవుతుందని చాలాచోట్ల రాశారు, మన స్కూలు పాఠాల్లో కూడా అలాగే చెప్తారు. నీళ్ళు తగిలితే ఆ గ్యాస్ విడిపోతుంది, లేశమాత్రం ఆమ్లం పుడితే పుట్టొచ్చు, కానీ కన్ను కాలి నీళ్ళు రావట్లేదు. నరం ఆ అణువుని గుర్తుపట్టి కబురు పంపింది కాబట్టి వస్తున్నాయి. ఇంటి ముందు కుక్క మొరిగిందంటే దొంగ లోపలికొచ్చేసి సొమ్ము ఎత్తుకుపోయాడని కాదు కదా, కుక్క పని అది చేసింది. కన్నీళ్ళు వచ్చి ఆ గ్యాస్‌ని కడిగేస్తాయి, గది బయటికెళ్తే ఐదు పది నిమిషాల్లో కన్ను మామూలైపోతుంది. మా షెడ్డులో ఏళ్ళ తరబడి అదే పని చేసిన ఆడవాళ్ళని చూశాను, సీజన్ మొదట్లో కొంగుతో తుడుచుకుంటూ కూర్చునేవాళ్ళు, రెండు మూడు వారాలు పోయాక కబుర్లు చెప్పుకుంటూ కోసేవాళ్ళు, కొత్తగా వచ్చిన వాళ్ళే ఏడుస్తూ ఉండేవాళ్ళు. అలవాటు పడటం అనేది ఉంది, అయితే మనిషికీ మనిషికీ తేడా ఉంటుంది, కొందరికి ఎప్పటికీ తగ్గదు.

ఒక్కో రకం ఉల్లికి ఒక్కో ఘాటు ఉంటుందని మీ అమ్మగారికి నాకన్నా బాగా తెలిసుంటుంది. దానికి కారణం నేలలో ఉంది. ఆ ఘాటు మొత్తం గంధకం నుంచే వస్తుంది కాబట్టి మొక్క నేలలోంచి ఎంత గంధకం పీల్చుకుంటే అంత ఘాటు. మా నాన్న ఉల్లికి సూపర్ వేసేవాడు, సింగిల్ సూపర్ ఫాస్ఫేట్, భాస్వరం కోసమే వేస్తారు కానీ ఆ బస్తాలో గంధకం కూడా 11, 12 శాతం దాకా ఉంటుంది, అది కూడా గడ్డలోకే చేరుతుంది. తడి తక్కువైనా, ఎండలు ముదిరినా ఘాటు పెరుగుతుంది. దీనికి ఎదురు ఉదాహరణ అమెరికాలో ఉంది, జార్జియాలో విడాలియా అనే ఊరి చుట్టుపక్కల నేలలో గంధకం చాలా తక్కువ, 1930ల్లో అక్కడ ఉల్లి వేసిన రైతులకి గడ్డలు తియ్యగా వచ్చాయి, ఆ పేరు మీద ఇప్పుడు చట్టమే ఉంది, ఆ ప్రాంతంలో పండినదాన్నే విడాలియా అని అమ్మాలి. అట్లాంటాలో ఉండే మావాళ్ళ అబ్బాయి పులుసుకి అది పనికిరాదు మామా, చప్పగా ఉంటుంది అంటాడు. నిజమే, ఘాటు తీసేస్తే రుచిలో సగం పోతుంది, ఎందుకంటే వేగిన ఉల్లి కమ్మదనం కూడా చాలావరకు ఆ గంధకం పదార్థాల నుంచే వస్తుంది.

మేము ల్యాబ్‌లో ఘాటు కొలిచేది ఎలాగంటే ఆ గ్యాస్‌ని పట్టుకుని కాదు, అది ఎగిరిపోతుంది. ఇందాక చెప్పిన పైరువిక్ యాసిడ్ ఉంది కదా, అది ఎక్కడికీ పోకుండా రసంలోనే ఉంటుంది, ఎంత ఘాటు పుట్టిందో దానికి తగ్గట్టే అది కూడా పుడుతుంది. రసం తీసి, ఒక రంగు పుట్టించే మందు కలిపి, కాసేపు 37 డిగ్రీల్లో ఉంచి, కాస్టిక్ సోడా పోస్తే రంగు తేలుతుంది, ఆ రంగు ముదురుని మెషీన్‌లో చదువుతాం. పద్ధతి 1961 నాటిది, ఇప్పటికీ అదే నడుస్తోంది. ఈ పరీక్షలో ఒక జాగ్రత్త ఉంది, ఇది నీకు వంటింట్లో కూడా పనికొస్తుంది. ఉల్లిలో మామూలుగా ఉండే పైరువిక్ యాసిడ్ ఎంతో విడిగా తెలియాలంటే ఒక గడ్డని కోయకుండా ముందే మైక్రోవేవ్‌లో బాగా వేడి చేసి తర్వాత రుబ్బుతాం. వేడికి ఎంజైమ్ చచ్చిపోతుంది, తర్వాత ఎంత నలిపినా ఘాటు పుట్టదు. ఆ ముద్ద ముఖం దగ్గర పెట్టుకున్నా కంట్లో చుక్క రాదు. అదే గడ్డ, అదే గంధకం, ఎంజైమ్ లేదు కాబట్టి కథ లేదు. గ్రేవీకి ఉల్లిముద్ద కావాల్సినప్పుడు గడ్డల్ని పొట్టు తీసి మొత్తంగా ఉడకబెట్టి రుబ్బుకుంటే మిక్సీ మూత తీసినప్పుడు ఏడుపుండదు, కాకపోతే పచ్చి ఉల్లి వేయించినప్పటి రుచి రాదు, అది మీ అమ్మగారే చూసుకోవాలి.

ఏడిపించని ఉల్లి చెయ్యలేరా అని అడగొచ్చు. చేశారు. 2008లో న్యూజిలాండ్‌లో కాలిన్ ఈడీ వాళ్ళు ఆ రెండో ఎంజైమ్ జన్యువుని నోరు మూయించి అలాంటి ఉల్లి పెంచి చూపించారు. హౌస్ ఫుడ్స్ వాళ్ళు జపాన్‌లో స్మైల్ బాల్ అనే పేరుతో అల్లినేజ్ పని బాగా తగ్గిన ఉల్లి తెచ్చారు. అమెరికాలో సనియన్స్ అని మామూలు సంకర పద్ధతిలో చేసినవి అమ్ముతున్నారు. మన కర్రీ పాయింట్లకి వచ్చే సరుకు మాత్రం కర్నూలుదో నాసిక్‌దో, అవి ఏడిపిస్తాయి, కూర రుచి కూడా వాటిదే.

సరే, ఇప్పుడు మీ అమ్మగారు రేపటి నుంచి ఏం చెయ్యాలి. అన్నిటికన్నా ముందు కత్తి. ఇది నేను ఇరవై ఏళ్ళ కిందటి నుంచి చెప్తున్నా ఎవరూ పట్టించుకోరు, చిట్కాలంటే బ్రెడ్డు ముక్కలే అడుగుతారు. గ్యాస్ పుట్టేది కణాలు చిట్లితేనే అని చెప్పాను కదా, పదునైన కత్తి వెళ్ళిన గీత మీదున్న కణాల్ని మాత్రమే కోస్తుంది, మొద్దు కత్తి కోయదు, నలుపుతుంది, గీతకి అటూఇటూ ఉన్నవన్నీ చితికిపోతాయి. కోసిన బల్ల తడిగా, రసం కారుతూ ఉందంటే ఆ కత్తి మొద్దుబారినట్టే లెక్క. దీన్ని 2025లో అమెరికాలో కార్నెల్ యూనివర్సిటీ వాళ్ళు కెమెరాలో పట్టారు. ఉల్లి పొరకి పైనా కిందా గట్టి చర్మం, మధ్యలో నీళ్ళు నిండిన మెత్తటి కండ. మొద్దు కత్తి ఆనిస్తే చర్మం వెంటనే తెగకుండా లోపలికి వంగుతుంది, లోపల ఒత్తిడి పెరుగుతుంది, చివరికి తెగినప్పుడు రసం సన్నటి తుంపర్లుగా పైకి చిమ్ముతుంది. పదునైన కత్తికి తుంపర్లు తక్కువ, వేగమూ తక్కువ. అంటే గ్యాస్ ఒక్కటే కాదు, ఆ రసం తుంపర్లు కూడా ముఖం దాకా లేస్తున్నాయి.

అందుకే చెల్లెమ్మా, రోజుకి 15 కేజీలు కోసే కత్తికి వారానికోసారన్నా సాన పట్టించాలి, మధ్యలో రోజూ ఒకసారి సానరాయి మీద నాలుగు గీతలు గీసుకోవాలి. కత్తిపీట మీద కోసే అలవాటున్నా అంతే, చాలా ఇళ్ళల్లో కత్తిపీట కొన్నప్పటి పదునే, మళ్ళీ చూడరు. కోసేటప్పుడు గుద్దినట్టు కాకుండా ముందుకి జారుస్తూ నెమ్మదిగా కోస్తే తుంపర్లు ఇంకా తగ్గుతాయి.

ఇంకొకటి, వేర్లుండే మొదలు భాగం, లోపలి పొరలు, ఇక్కడ ఘాటు సరుకు ఎక్కువ. మొదలు ముందే కోసి పారేయకుండా చివరిదాకా ఉంచి కోయమను, పొరలు కూడా విడిపోకుండా పట్టుకునుంటాయి. నిలువు ముక్కలకి అడ్డం ముక్కల కన్నా కణాలు తక్కువ తెగుతాయి, కూర ఏది కావాలంటే అదే కోయాలి అనుకో, వీలున్నచోట చెప్తున్నాను.

గాలి రెండో పెద్ద విషయం. ఫ్యాన్ ఉంటే అది వెనక నుంచో ముఖానికి ఎదురుగానో కాదు, పక్క నుంచి కొట్టి గాలి కిటికీ వైపు వెళ్ళేలా పెట్టాలి. తలమీద సీలింగ్ ఫ్యాన్ ఉంటే ఆ గ్యాస్ అక్కడక్కడే తిరుగుతుంది. కోసిన ముక్కల్ని బల్ల మీద గుట్ట పోసుకుని దాని మీదికి వంగి కోస్తుంటారు చాలామంది, అది వద్దు, ప్రతి మూడు నాలుగు గడ్డలకి ఒకసారి ముక్కల్ని దూరంగా మూతున్న గిన్నెలో వేసేయాలి. మా షెడ్డులో కూడా ఎగ్జాస్ట్ ఫ్యాన్లు పెట్టి, కోసిన సరుకు బెల్టు మీద ముందుకి పంపించాకే జనానికి ఊపిరాడింది. చాపర్ మెషీన్ వాడితే అది కణాల్ని బాగా నలుపుతుంది, గ్యాస్ ఎక్కువే పుడుతుంది, కాకపోతే మూత లోపలే ఉంటుంది, మూత తీసేటప్పుడు ముఖం పక్కకి పెట్టుకుంటే చాలు.

ఫ్రిజ్ చిట్కా సగం నిజం. చల్లగా ఉంటే ఎంజైమ్ నెమ్మదిస్తుంది, గ్యాస్ లేవడం కూడా తగ్గుతుంది, ఆ మేరకు పనికొస్తుంది. కానీ ఆ కార్నెల్ వాళ్ళే చూసిందేంటంటే ఫ్రిజ్‌లో పెట్టిన గడ్డల నుంచి తుంపర్లు ఎక్కువొచ్చాయి. 15 కేజీలు ఫ్రిజ్‌లో పట్టవు కూడా, వదిలెయ్. నీళ్ళల్లో వేసి కోయడం పనిచేస్తుంది, ఆ గ్యాస్ నీళ్ళల్లో కరుగుతుంది, పొట్టు తీసి రెండు ముక్కలు చేసి నీళ్ళల్లో వేసి ఉంచి తర్వాత తరిగితే ఊరట ఉంటుంది, చెయ్యి జారుతుంది కాబట్టి తుడుచుకుని కోయాలి. నోట్లో బ్రెడ్డు ముక్క, అగ్గిపుల్ల, చూయింగ్ గమ్ వీటికి ఆధారం లేదు, పక్కన కొవ్వొత్తి పెట్టడం వల్ల ఒరిగేదీ లేదు. కళ్ళని గట్టిగా మూసే స్విమ్మింగ్ గాగుల్స్ మాత్రం నూటికి నూరుపాళ్ళు పనిచేస్తాయి, కంటికి గ్యాస్ తగలకపోతే ఇంకేముంది, మామూలు కళ్ళజోడు పక్కల ఖాళీ ఉంటుంది కాబట్టి అంతగా ఆపదు. కాంటాక్ట్ లెన్స్ పెట్టుకునేవాళ్ళకి తక్కువ మండుతుంది, లెన్స్ కార్నియాని కప్పుతుంది కదా, అంతమాత్రాన ఉల్లి కోసం లెన్స్ కొనొద్దు.

నీళ్ళు కారుతున్నప్పుడు ఆ చేత్తో నలపొద్దని గట్టిగా చెప్పు. మామూలుగా మంట పెరగడానికి కారణం అదే, వేళ్ళకున్న రసం నేరుగా కంట్లోకి వెళ్తుంది, పచ్చిమిర్చి కూడా కోసి ఉంటే ఇక చెప్పక్కర్లేదు. చేతులు కడుక్కుని, చల్లటి మంచినీళ్ళతో కళ్ళు కడుక్కుని, బయట ఐదు పది నిమిషాలు నిలబడితే తగ్గిపోతుంది.

ఇప్పుడు జాగ్రత్తగా విను. ఉల్లి వల్ల వచ్చే ఎరుపు కోయడం ఆపాక గంటలోపే పోవాలి. మీ అమ్మగారికి సాయంత్రం దాకా, మర్నాడు పొద్దున దాకా ఎరుపు ఉంటోందంటే అది ఉల్లి పని కాదు, వేరే ఏదో ఉంది. రోజంతా పొయ్యి సెగ, నూనె పొగ దగ్గర నిలబడేవాళ్ళకి కళ్ళు పొడిబారతాయి, అలర్జీ ఉండొచ్చు, సరిగ్గా నిద్ర లేకపోయినా అంతే. నువ్వు రాసినదాన్ని బట్టి పొద్దున్నే నాలుగింటికి లేస్తారు, రాత్రి పదకొండింటికి పడుకుంటారు, అది కూడా లెక్కలోకి తీసుకో. కళ్ళు గరగరలాడటం, చూపు మసకబారడం, వెలుతురు చూడలేకపోవడం, నొప్పి, వీటిల్లో ఏదున్నా ఆలస్యం చేయకుండా కంటి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళు, మెడికల్ షాపులో అడిగి ఏదో డ్రాప్స్ వెయ్యొద్దు, కొన్నిట్లో స్టెరాయిడ్ ఉంటుంది, అవి కళ్ళకి చేసే చెడు ముందు ఉల్లి ఎంత.

ముందు ఒక్క వారం పాటు కత్తికి సాన పట్టించి, ఫ్యాన్ పక్కకి తిప్పి, గిన్నెకి మూత పెట్టి చూడండి. రోజూ సాయంత్రం ఆవిడ కళ్ళు ఎలా ఉన్నాయో నువ్వే చూసి రాసి పెట్టుకో, ఎప్పుడు కోయడం ఆపారు, ఎప్పటికి ఎరుపు పోయింది అని. వారం తర్వాత తేడా ఏమీ లేకపోతే ఆ కాగితమే డాక్టర్‌కి చూపించు, ఆయనకి సగం పని తేలికవుతుంది. ఏమైందో నాకూ చెప్పు, ఎదురుచూస్తుంటాను.